యంత్రం ఒకరిది – ఆట ఇంకొకరిది

పలుకు నేర్వకముందే పసిబిడ్డ ఆట నేర్చుకొంటాడు. వంశధార, నాగావళి తీరాల పల్లెలలో చెడుగుడు, కర్రాబిళ్ళ, గోలీలు, బొంగరాలు ఎరుగని బాల్యం నిన్నమొన్నటి వరకు లేదు. ఆ ఆటలకు యజమాని లేడు. కర్ర చెట్టు ఇస్తుంది; నేల ఊరిది; నియమాలు పెద్దపిల్లల నుండి చిన్నపిల్లలకు నోటిమాటగా సంక్రమిస్తాయి. ఆడదలచినవాడు ఎవరి అనుమతీ కోరనక్కరలేదు. కొత్త నియమం కల్పించదలచినవాడు ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు.

1972లో అమెరికాలో మాగ్నవాక్స్ సంస్థ ‘ఒడిస్సీ’ అనే యంత్రాన్ని విక్రయానికి ఉంచింది. టెలివిజనుకు తగిలించి ఇంట్లో ఆడుకొనే తొలి ఆటయంత్రం అదే. నాటినుండి ఆటకు ఒక యజమాని ఏర్పడ్డాడు. ఇటువంటి యంత్రాలను కన్సోళ్లు అంటున్నారు. సోనీ వారి ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్, నింటెండో వారి స్విచ్ నేడు ఈ రంగంలో పోటీపడుతున్న ప్రధాన యంత్రాలు. మన విద్యార్థులలో చాలామందికి ఈ పేర్లు కొత్తవి కావు. అయితే ఈ యంత్రాలలో ఆడే ఆటలను ఎవరు రూపొందిస్తున్నారు, వారికీ యంత్రం యజమానికీ మధ్య గల ఒప్పందం ఎట్టిది, పోటీలో ఉన్న యంత్రాలలో ఒకటి నిలిచి మరొకటి కూలిపోవడానికి కారణమేమి అన్న ప్రశ్నలను మనవారు అంతగా విచారించలేదు. ఇది వినోదానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. రేపటి ఉపాధికీ, మన భాషలకూ సంబంధించినది. అందువలన దానిని ఇక్కడ కొంత వివరింపదలచాము.

మూడు పక్షాలు

బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేసే కళాకారులున్నారు. వీణ చేసినవాడు ఒకడు, దానిపై కృతిని పలికించేవాడు మరొకడు, విని ఆనందించేవాడు ఇంకొకడు. వీణ అమ్ముడుపోయిన తరువాత దానిపై ఏ రాగం పలికించాలో నిర్ణయించే హక్కు చేసినవానికి లేదు. వైణికుడు కచేరీ చేసినప్పుడెల్లా గొల్లపల్లికి పైకం పంపనక్కరలేదు.

ఆటయంత్రాల లోకంలో పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ యంత్రం యజమాని మొదటి పక్షం. కొని ఆడేవాడు రెండవ పక్షం. ఆ యంత్రంలో ఆడదగిన ఆటను బయటినుండి తయారుచేసి ఇచ్చే సంస్థ మూడవ పక్షం. ఈ మూడవ పక్షం యజమాని వద్ద లైసెన్సు పొందాలి. ఆటను అతని పరీక్షకు పెట్టాలి. అమ్ముడైన ప్రతి ప్రతిపైన అతనికి వాటా ఇవ్వాలి. నేడు యంత్రంలోని దుకాణం ద్వారా అమ్మే ఆటలపై ఈ వాటా సాధారణంగా 30 శాతం వరకు ఉంటున్నది.

యజమాని ఇట్లు వాటా కోరడానికి ఒక కారణం ఉంది. యంత్రాన్ని అతడు తరచు అసలు ధరకో, నష్టానికో అమ్ముతాడు. ఎక్స్‌బాక్స్ యంత్రాల అమ్మకంపై తాము ఎన్నడూ లాభం పొందలేదని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి 2021లో అమెరికా న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పారు. యంత్రంపై పోగొట్టుకొన్నది ఆటలపై రాబట్టుకోవడమే ఈ వ్యాపారానికి మూలసూత్రం. కనుక ఆటలు చేసి ఇచ్చేవారు లేకపోతే యంత్రం ఎంత శక్తిమంతమైనదైనా ఖాళీ పెట్టెతో సమానం. యజమానికి మూడవ పక్షంతో ఎంత అవసరమో, మూడవ పక్షానికి యజమానితోనూ అంతే అవసరం. వీరి చరిత్రయంతా ఈ ఇరువురి మధ్య జరిగిన బేరసారాల చరిత్రయే.

పేరుకోసం పుట్టిన పక్షం

తొలినాళ్లలో మూడవ పక్షమన్నదే లేదు. 1977లో అటారీ సంస్థ వెలువరించిన యంత్రానికి ఆటలను కూడ అటారీ ఉద్యోగులే రాసేవారు. ఒక్కొక్క ఆటను ఒక్కొక్క ఉద్యోగి ఒంటరిగా కల్పించేవాడు. అయినా ఆట పెట్టెమీద అతని పేరు ఉండేది కాదు. అమ్మకాలలో వాటా లభించేది కాదు. వారెన్ రాబినెట్ అనే ఉద్యోగి తాను రాసిన ‘అడ్వెంచర్’ అనే ఆటలో ఎవరికీ తెలియకుండ ఒక రహస్యపు గదిని కల్పించి అందులో తన పేరు దాచుకొన్నాడు. 1980లో ఆట విడుదలైన తరువాత ఆడుకొనే బాలుర వలననే ఆ సంగతి బయటపడింది.

మన ప్రాచీన కవులు పద్యంలో తమ పేరు ఇమిడ్చినట్లే, ఉర్దూ కవులు గజల్ చివరి షేర్‌లో తమ తఖల్లుస్ నిలుపుకొన్నట్లే, ఈ యంత్రయుగపు కర్త కూడ తన ముద్రను వదలిపోయాడు. కర్తకు పేరు మీద ఉండే మమకారం ఏ యుగంలోనైనా ఒకటే.

1979లో డేవిడ్ క్రేన్, లారీ కప్లాన్, అలాన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అనే నలుగురు అటారీని విడిచి, జిమ్ లెవీ అనే వ్యాపారవేత్తతో కలిసి ‘యాక్టివిజన్’ అనే సంస్థను స్థాపించారు. వారు అటారీ యంత్రంలో ఆడే ఆటలనే అటారీ ప్రమేయం లేకుండ తయారుచేశారు. లోకంలో తొలి మూడవ పక్షం ఇదే. ఆటతోపాటు ఇచ్చే చిన్న పుస్తకంలో కర్త పేరు ముద్రించడం వారు ఆచారంగా పెట్టుకొన్నారు. అటారీ 1980లో వారిపై వ్యాజ్యం వేసింది. 1982లో రాజీ కుదిరింది. అటారీకి రాయల్టీ చెల్లిస్తూ బయటివారు ఆటలు చేయవచ్చునన్న పద్ధతి ఆ రాజీతో స్థిరపడింది. అదే సంవత్సరం క్రేన్ రచించిన ‘పిట్‌ఫాల్’ వెలువడి 40 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది.

తాళమూ తాళంచెవీ

తలుపు తెరచుకొన్న తరువాత మంచివారితోపాటు అందరూ లోనికి వచ్చారు. ఆటల గురించి ఏమీ తెలియని సంస్థలు కూడ తొందరపాటు ఆటలను బజారులో గుమ్మరించాయి. యజమాని కూడ ఈ దోషానికి అతీతుడు కాలేదు. ‘ఈ.టీ.’ చిత్రం ఆధారంగా అటారీ 1982లో తెచ్చిన ఆటను ఒకే వ్యక్తి సుమారు ఐదు వారాలలో ముగించవలసి వచ్చింది. అది ఆశించినంతగా అమ్ముడుపోలేదు. మిగిలిన సరుకులో కొంతను 1983లో న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆలమగోర్డో వద్ద భూమిలో పాతిపెట్టారు. 2014లో త్రవ్వి తీసినప్పుడు ఆ మాట నిజమని తేలింది. అమెరికాలో 1983 నాటికి సుమారు 320 కోట్ల డాలర్లున్న ఇంటి ఆటల వ్యాపారం 1985 నాటికి 10 కోట్ల డాలర్ల స్థాయికి పడిపోయింది.

ఈ పతనం నుండి జపానులోని నింటెండో సంస్థ ఒక పాఠం నేర్చుకొన్నది. 1983లో జపానులో ‘ఫామికాం’ అన్న పేరుతో వెలువడిన దాని యంత్రం 1985లో అమెరికాకు వచ్చింది. అమెరికా యంత్రంలో ఒక తాళం వంటి చిప్పు అమర్చారు. దానికి జోడైన చిప్పు లేని కార్ట్రిడ్జిని యంత్రం స్వీకరించదు. ఆ చిప్పు నింటెండో వద్ద మాత్రమే దొరుకుతుంది. కనుక ఆట రాసేవారందరు నింటెండో షరతులకు తలయొగ్గవలసి వచ్చింది. ఏడాదికి ఐదు ఆటలకు మించి ఇవ్వరాదు. ఇచ్చిన ఆటను రెండేళ్ల వరకు మరొక యంత్రానికి ఇవ్వరాదు. కార్ట్రిడ్జిలను నింటెండోయే తయారుచేస్తుంది. వాటి ధరను ముందుగా చెల్లించాలి. ఆటలు అమ్ముడుపోకపోతే నష్టం ఆట చేసినవానిదే. ఏడాదికి ఐదన్న నియమాన్ని దాటడానికి కొనామీ సంస్థ ‘అల్ట్రా’ అనే మరొక పేరుతో ఇంకొక శాఖను తెరిచిందంటే ఆ పట్టు ఎంత గట్టిదో ఊహించవచ్చు.

ఈ షరతులు కఠినమైనవే. అయితే వీటివలన చెత్త సరుకు తగ్గిందన్నది, కూలిపోయిన వ్యాపారం మళ్లీ లేచిందన్నది కాదనరాని సత్యం. నాణ్యతకు కాపలాగా పెట్టిన తాళమే యజమాని చేతిలో పెత్తనంగా మారడం ఇందులోని చిక్కు. నేటికీ ఈ చిక్కు విడలేదు.

న్యాయస్థానాలు కూడ ఈ విషయంలో రెండు త్రోవలు చూపాయి. నింటెండో తాళాన్ని దాటజూచిన అటారీ గేమ్స్ సంస్థ 1992లో వ్యాజ్యంలో ఓడింది. తాళం గుట్టు తెలుసుకొనడానికి ఆ సంస్థ ప్రభుత్వ కార్యాలయంలోని ప్రతిని సరికాని మార్గంలో సంపాదించడం దాని ఓటమికి ముఖ్య హేతువు. అదే సంవత్సరం సేగా సంస్థ యంత్రాన్ని విప్పి, శోధించి, స్వయంగా అర్థం చేసుకొని ఆటలు చేసిన అకొలేడ్ సంస్థ నెగ్గింది. సొంత పరిశ్రమతో తెలుసుకోవడం దోషం కాదని న్యాయస్థానం అభిప్రాయపడింది. లక్ష్యం ఒకటే అయినా మార్గభేదం వలన ఫలభేదం కలిగింది. విద్యార్థులు గుర్తుంచుకొనదగిన సంగతి ఇది.

చెట్టు ముందా, విత్తు ముందా?

మన రెండు జిల్లాలలో గోగునార పండించే రైతుకు తెలిసిన నీతి ఒకటి ఉంది. కొనే మిల్లు ఒక్కటే అయితే ధర మిల్లు చెప్పినది. మిల్లులు నాలుగైతే రైతు మాటకూ విలువ ఉంటుంది. పోటీ యంత్రాలు వచ్చినకొద్దీ ఆటల కర్తలకు కూడ అటువంటి విలువే పెరిగింది.

1994 డిసెంబరులో సోనీ జపానులో ప్లేస్టేషన్‌ను వెలువరించింది. అందులో ఆటలు సీడీలపై వచ్చేవి. 1996లో వచ్చిన నింటెండో 64 మాత్రం కార్ట్రిడ్జినే నమ్ముకొన్నది. కార్ట్రిడ్జి తయారీకి ఖర్చు అధికం, స్థలం స్వల్పం. సీడీకి ఖర్చు స్వల్పం, స్థలం దానికి ఎన్నో రెట్లు. అంతవరకు నింటెండోతో నడచిన స్క్వేర్ సంస్థ తన ‘ఫైనల్ ఫాంటసీ’ వరుసలోని ఏడవ ఆటను 1997లో ప్లేస్టేషన్‌కు ఇచ్చింది. అది మూడు సీడీలు పట్టిన ఆట. స్క్వేర్ వెంట మరెందరో నడిచారు. ప్లేస్టేషన్ 10 కోట్లకు పైగా అమ్ముడుపోగా నింటెండో 64 సుమారు 3 కోట్ల 29 లక్షల వద్ద ఆగిపోయింది. కర్తలకు ఎక్కడ ఖర్చు తక్కువో, ఎక్కడ చోటు ఎక్కువో అక్కడికి ఆటలు వెళ్లాయి. ఆటలు ఎక్కడికి వెళ్లాయో అక్కడికి జనం వెళ్లారు.

సేగా వారి కథ మరింత విషాదకరం. వారు 1998లో జపానులోను, 1999లో అమెరికాలోను విడుదల చేసిన ‘డ్రీమ్‌కాస్ట్’ మంచి యంత్రమే. కాని క్రీడల ఆటలలో ప్రసిద్ధమైన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ దానికి ఒక్క ఆటను కూడ ఇవ్వలేదు. 2000లో ప్లేస్టేషన్ 2 వచ్చింది. 2001 జనవరిలో సేగా యంత్రాల తయారీని విరమిస్తున్నట్లు ప్రకటించింది. ఆ సంవత్సరం డిసెంబరులోనే సేగా వారి సోనిక్ ఆట తన చిరకాల ప్రత్యర్థియైన నింటెండో యంత్రంలో ప్రత్యక్షమైంది. నిన్నటి యజమాని నేటి మూడవ పక్షమయ్యాడు. యంత్రాన్ని పోగొట్టుకొన్నా ఆట చేతిలో ఉన్నందువలన సేగా బ్రతికింది. యంత్రంకంటె ఆటకే ఆయుష్షు ఎక్కువ అనడానికి ఇంతకు మించిన నిదర్శనం లేదు.

జనం కొంటేనే కర్తలు వస్తారు. కర్తలు వస్తేనే జనం కొంటారు. ఇది చెట్టు ముందా, విత్తు ముందా అన్న సమస్య వంటిది. 2012లో వచ్చిన నింటెండో వీ యూ ఈ సుడిలోనే చిక్కుకొన్నది. అమ్మకాలు మందగించగానే బయటి సంస్థలు ఒక్కొక్కటిగా తప్పుకొన్నాయి. అవి తప్పుకొన్నకొద్దీ అమ్మకాలు ఇంకా తగ్గాయి. మొత్తం 1 కోటి 35 లక్షల యంత్రాలే చెల్లాయి. అదే సంస్థ 2017లో తెచ్చిన స్విచ్‌లో పెద్ద సంస్థలతోపాటు నలుగురైదుగురు కలిసి చేసే చిన్న ఆటలకు కూడ తలుపు తెరిచింది. అది 15 కోట్లు దాటింది.

అంకితం

మన సాహిత్యంలో కృతిని అంకితమిచ్చే సంప్రదాయం ఉంది. రాజు పోషిస్తాడు, కవి కృతిపతిగా అతని పేరు నిలుపుతాడు. ఉర్దూ, పారశీక కవులు ఆశ్రయదాతలపై ఖసీదాలు రాసినదీ ఇట్టి సంబంధం వలననే. ఆటల లోకంలో కూడ అంకితం ఉంది. యజమాని కొంత ధనమో, ప్రచారమో ఇస్తాడు. అందుకు ప్రతిగా ఆ ఆట అతని యంత్రంలో తప్ప మరెక్కడా రాదు, లేదా కొంతకాలం వరకు రాదు. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ సంస్థ రూపొందించిన ‘రాజీ’ అనే భారతీయ ఆట 2020 ఆగస్టులో మొదట నింటెండో స్విచ్‌లోను, అక్టోబరులో ఇతర యంత్రాలలోను వెలువడింది. చిన్న సంస్థకు ఇటువంటి కొద్దికాలపు అంకితం ప్రచారానికి ఊతమిస్తుంది.

అయితే యజమాని కృతిని కోరక కవినే కొనజూస్తే ఏమవుతుంది? 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొనివేసింది. ఒప్పందం విలువ 2022లో ప్రకటించినప్పుడు 6,870 కోట్ల డాలర్లు. యజమాని ఇల్లు విడిచి స్వతంత్రంగా బ్రతకాలని 1979లో నలుగురు స్థాపించిన సంస్థ నలభైనాలుగేళ్ల తరువాత మరొక యజమాని ఇంటిలో చేరింది. అమెరికా, బ్రిటన్ దేశాల నియంత్రణ సంస్థలు ఈ కొనుగోలును దీర్ఘకాలం అడ్డగించాయి. ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ ఆటను పదేళ్లపాటు ప్రత్యర్థుల యంత్రాలకు కూడ ఇచ్చేందుకు మైక్రోసాఫ్ట్ నింటెండోతోను, సోనీతోను ఒడంబడికలు చేసుకోవలసి వచ్చింది. ఆశ్రయం కోరని కవిగా పోతనను మనం ఎందుకు తలచుకొంటామో ఈ ఉదంతం చదివినప్పుడు మరింత బాగా బోధపడుతుంది.

హైదరాబాదు నుండి రెండు ఆటలు

ఇక మన తెలుగునేల సంగతి చూద్దాం. 2009లో హైదరాబాదు నుండి రెండు ఆటలు సోనీ యంత్రాలకు వెళ్లాయి. మొదటిది ఆరోనా టెక్నాలజీస్ రూపొందించిన ‘హనుమాన్: బాయ్ వారియర్’. పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి ప్లేస్టేషన్ 2 ఆటగా అది ప్రచారం పొందింది. రెండవది గేమ్‌శాస్త్ర సంస్థ రూపొందించిన ‘దేశీ అడ్డా’. చెడుగుడు, కర్రాబిళ్ళ, గాలిపటం వంటి మన వీధి ఆటలే అందులోని ఆటలు. అది ప్లేస్టేషన్ 2కు, చేతిలో ఇమిడే పీఎస్‌పీకి వెలువడింది.

అప్పటికే ప్లేస్టేషన్ 3 వచ్చి మూడేళ్లు కావస్తున్నది. మరి ఈ సంస్థలు పాత యంత్రాన్ని ఎందుకు ఎంచుకొన్నాయి? పైన చెప్పిన సూత్రమే ఇందుకు సమాధానం. కొత్త యంత్రం ధర మన మధ్యతరగతికి అందనిది. దానికి ఆట చేయడానికి అయ్యే ఖర్చు చిన్న సంస్థకు అందనిది. ప్లేస్టేషన్ 2 లోకమంతటా 15 కోట్లకు మించి అమ్ముడైన యంత్రం; మన ఇళ్లలో ఉన్న యంత్రమూ అదే. జనం ఉన్నచోటికి కర్త వెళ్లాడు.

హనుమంతుని ఆటను విమర్శకులు మెచ్చలేదు. ఆరాధ్యదైవాన్ని ఆటగాని చేతిలో కదలాడే బొమ్మగా చేయడం తగదని అమెరికాలోని కొందరు హిందూ ప్రతినిధులు అభ్యంతరం తెలిపారు. ఏ మతస్థులకైనా పవిత్రమైన విషయాన్ని చేపట్టినప్పుడు కర్తకు నేర్పుతోపాటు మన్నన కూడ అవసరమని ఈ ఉదంతం తెలుపుతున్నది. తొలి ప్రయత్నంలో లోపాలుండవచ్చు. అయినా ఒక పెద్ద యజమాని తలుపు తట్టి తెరిపించిన ఘనత ఆ హైదరాబాదు యువకులది.

‘దేశీ అడ్డా’ మరొక విధంగా ఆలోచింపజేస్తుంది. యజమాని లేని మన కర్రాబిళ్ళ మొదటిసారిగా యజమాని ఉన్న పెట్టెలోకి ప్రవేశించింది. పల్లెలో ఉచితంగా ఆడిన ఆటకు లైసెన్సు, పరీక్ష, వాటా అన్నీ వచ్చాయి. 2013 జనవరి నాటికి ప్లేస్టేషన్ 2 ఉత్పత్తి నిలిచిపోయింది. యంత్రం పోతే అందులోని ఆట గతి ఏమి? అమెరికాలో 2010కి పూర్వం వెలువడిన ఆటలలో 87 శాతం నేడు అంగడిలో లభించడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ జరిపిన పరిశీలనలో తేలింది. తాళపత్రాన్ని చెదలు తింటే మరొక ప్రతి వెదకుతాము. యంత్రంతో ముడిపడిన ఆటకు ఆ అవకాశం కూడ అరుదే. వీధిలోని కర్రాబిళ్ళను మరచిపోయి పెట్టెలోని కర్రాబిళ్ళను నమ్ముకొంటే రెండూ పోతాయి.

నేడు హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి శాఖ పనిచేస్తున్నది. ఎక్స్‌బాక్స్ యజమానియైన మైక్రోసాఫ్ట్‌కు 1998 నుండి అక్కడ అభివృద్ధి కేంద్రం ఉన్నది. భారతీయ కర్తల ఆటలను ప్లేస్టేషన్‌కు తెచ్చే ఉద్దేశంతో సోనీ 2023లో ‘ఇండియా హీరో ప్రాజెక్ట్’ ప్రారంభించింది. తలుపులు మునుపటికంటె ఎక్కువగా తెరచుకొన్నాయి. అయితే ఇతరుల ఆటలకు బొమ్మలు గీసిపెట్టడం వేరు, సొంత ఆటను కల్పించడం వేరు. మొదటిది కూలి, రెండవది సేద్యం. కూలి తక్కువదని మా భావం కాదు. పని నేర్చుకొనడానికి అదే మార్గం. కాని ఎల్లకాలం అక్కడే ఆగిపోవడం మన తెలివికి తగినది కాదు.

మన లిపులు తెరపై నిలిచేనా?

మన కళాశాల ఉర్దూ, తెలుగు రెండు కళ్లుగా కలది. కనుక లిపి విషయం కూడ చెప్పవలసి ఉంది. ఆటను మొదటి అక్షరం నుండి సాధారణంగా ఎవరూ స్వయంగా రాయరు. ఇంజన్లు అనబడే పనిముట్ల సహాయంతో రాస్తారు. యూనిటీ, అన్‌రియల్, గోడో వంటివి వీటిలో ప్రసిద్ధమైనవి. ఈ పనిముట్లు ఆంగ్లాక్షరాలను దృష్టిలో ఉంచుకొని పుట్టినవి. ఆంగ్లంలో అక్షరం పక్కన అక్షరం పేర్చితే చాలు. తెలుగులో వత్తు అక్షరం కిందికి చేరాలి, గుణింతపు గుర్తు తగినచోట అతుక్కోవాలి. ఉర్దూలో రాత కుడినుండి ఎడమకు సాగాలి. ఒకే అక్షరం మాట మొదట ఒక రూపం, మధ్యలో ఒక రూపం, చివర ఒక రూపం ధరించాలి. ఈ జ్ఞానం లేని పనిముట్టులో ‘స్త్రీ’ అని రాస్తే మూడు ముక్కలై పడుతుంది. ఉర్దూ మాట తలకిందులవుతుంది.

2023 మార్చిలో వెలువడిన గోడో నాల్గవ కూర్పులో ఇటువంటి క్లిష్టలిపులను కూర్చే ఏర్పాటు చేశారు. కుడినుండి ఎడమకు సాగే రాత కూడ అందులో సాధ్యమే. పైగా గోడో ఉచితం. దాని మూలం అందరూ చదివి, మార్చుకొనదగినది. దీనితో చేసిన ఆటకు ఎవరికీ వాటా ఇవ్వనక్కరలేదు.

ఉచితమన్న మాట ఇక్కడ ఎందుకు నొక్కి చెబుతున్నామంటే, పనిముట్టుకు కూడ యజమాని ఉంటాడు. 2023 సెప్టెంబరులో యూనిటీ సంస్థ, తమ పనిముట్టుతో చేసిన ఆట ఒక హద్దు దాటి జనంలోకి వెళ్లినప్పుడు ప్రతి స్థాపనకు రుసుము వసూలు చేస్తామని అకస్మాత్తుగా ప్రకటించింది. అప్పటికే దానితో ఆటలు చేసుకొన్నవారు లోకమంతటా నిరసించారు. సంస్థ కొంత సడలించి, చివరకు 2024 సెప్టెంబరులో ఆ రుసుమును రద్దు చేసింది. పనిముట్టును ఎంచుకొనేటప్పుడు నేటి వెలనే కాక రేపటి షరతును కూడ యోచించాలన్నది ఇందులోని హితవు.

చేయదగినది

మన జిల్లాలలో కన్సోల్ ఉన్న ఇళ్లు కొద్ది. సెల్‌ఫోన్ లేని ఇల్లు ఇంకా కొద్ది. ఫోనే నేటి పేదవాని ఆటయంత్రం. దానిలోని దుకాణానికి కూడ యజమాని, వాటా, పరీక్ష ఉన్నాయి. కనుక కన్సోళ్ల చరిత్రనుండి నేర్చినదంతా ఫోనుకూ వర్తిస్తుంది.

ఆట అనగానే జూదం గుర్తుకు వచ్చి పెద్దలు భయపడటం సహజం. ఆ భయం నిరాధారం కాదు. పైకం పందెం వేసే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టమే పందెం లేని ఆటలను ప్రోత్సహింపదగినవిగా గుర్తించింది. జూదం మన ధర్మంలో నిషిద్ధం, దేశపు చట్టంలోనూ నిషిద్ధం. కాని కథ చెప్పే ఆట, లెక్క నేర్పే ఆట, బుద్ధికి పదును పెట్టే ఆట జూదం కాదు. ఈ భేదాన్ని విద్యార్థులూ, తల్లిదండ్రులూ కూడ గుర్తించాలి.

ఆట తయారీకి కంప్యూటర్ చదివినవాడొక్కడే చాలడు. కథ అల్లేవాడు కావాలి, బొమ్మ గీసేవాడు కావాలి, బాణీ కట్టేవాడు కావాలి, లెక్క చూసేవాడు కావాలి, భాష దిద్దేవాడు కావాలి. మన కళాశాలలో తెలుగు, ఉర్దూ, గణిత, వాణిజ్య శాఖల విద్యార్థులు ఒకే వరండాలో తిరుగుతున్నారు. వారిలో ఐదుగురు కలిస్తే ఒక చిన్న ఆట తయారవుతుంది. కంప్యూటర్ గదిలో సాయంత్రం ఒక గంట సమయమూ, గ్రంథాలయంలో ఈ విషయంపై నాలుగు పుస్తకాలూ సమకూర్చడం కళాశాల కార్యవర్గానికి భారం కాదని మేము భావిస్తున్నాము. వార్షికోత్సవాన నాటిక, ముషాయిరాలతోపాటు విద్యార్థులు చేసిన ఒక ఆటను కూడ ప్రదర్శించవచ్చు. అందులో తెలుగు అక్షరం చెదరకుండ, ఉర్దూ అక్షరం తలకిందులు కాకుండ నిలిస్తే అదే మొదటి విజయం.

ఏ ఆటను చేపట్టాలో వెదకడానికి దూరం పోనక్కరలేదు. మన పల్లెలలో ముసలివారికి తెలిసిన ఆటలు ఇంకా ఎన్నో ఉన్నాయి. వారి వద్దకు వెళ్లి, నియమాలు అడిగి, పేర్లు అడిగి, ముందుగా కాగితంపై రాసిపెట్టుకోవాలి. కాగితానికి ఏ యజమాని అనుమతీ అక్కరలేదు. అటుపిమ్మట దానిని ఏ యంత్రానికైనా మలచవచ్చు. ఒక యంత్రం కూలితే మరొక యంత్రానికి మార్చవచ్చు. సేగా వంటి మహాసంస్థను బ్రతికించినది యంత్రం కాదు, చేతిలోని ఆట. మన చేతిలోని ఆటలు ఏవో లెక్కవేసుకొనడం నుండే మన ప్రయత్నం ప్రారంభం కావాలి. ఆ ఆట తెరమీదికి వచ్చిన నాడు, దానిని చేసిన విద్యార్థి తన పేరు రహస్యపు గదిలో దాచుకొనవలసిన అవసరం ఉండకూడదు. మొదటి పుటలోనే, తన లిపిలోనే రాసుకొనగలగాలి.